పెద్దబాట దిగాక: వెలిగొండ పక్కబాటల లెక్కలు

శివరాత్రి రోజుల్లో దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లు దారి తప్పడం దాదాపు ఉండదు. కాళ్ల కింద ఘాట్ రోడ్డు, ముందూ వెనకా జనం, మధ్యమధ్య అన్నం పెట్టే పందిళ్లు. అదే మనుషులు రోడ్డు దిగి ఏ గుండమో, ఏ పాత గుడో చూద్దామని అర కిలోమీటరు లోపలికి పోతే వీటిలో ఏదీ వెంట రాదు. పెద్దబాట మీద మన తప్పును పదిమంది సరిచేస్తారు. పక్కబాట మీద మనమే కనిపెట్టి మనమే దిద్దుకోవాలి. అందుకే దీనికి వేరే లెక్కలు కావాలి. నీళ్లకు, గంటలకు, చీలికలకు, చివరికి చట్టానికి కూడా.

మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్దబాట అనుకోదగ్గవి రెండు. ఒకటి శ్రీశైలం నడక. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు కాబట్టి ప్రకాశం వైపు నుంచి ఈ నడక పాతదే. రెండోది నెల్లూరుకూ కడపకూ మధ్య నిలిచిన వెలిగొండ కొండల పాదం వెంట రాపూరు నుంచి ఉదయగిరి, సీతారాంపురం, సి.ఎస్.పురం దాకా ఊరూరినీ కలుపుతూ పోయే రోడ్లూ బండిబాటలూ. వీటి నుంచి కొండలోకి చీలే కాలిబాటలే ఇక్కడి సంగతి: పెంచలకోన వాగు వెంట పైకి పోయేవి, ఉదయగిరి దుర్గం ఎక్కేవి, ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన చుట్టుపక్కల అడవిలోకి పోయేవి.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం పొడుగునా లాంగ్ ట్రెయిల్ అని సుమారు 440 కిలోమీటర్ల కొండబాట ఉంది. 1910లో మొదలుపెట్టి 1930కి పూర్తిచేశారు. ఆ బాట మీద చెట్లకు 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున తెల్ల రంగు పట్టీలుంటాయి. వచ్చి కలిసే పక్కబాటలకు నీలం పట్టీలు. తెలుపు పోయి నీలం కనబడిందంటే పెద్దబాట వదిలేశామని అర్థం. పక్కబాటలన్నీ నడిచినవాళ్లకు ఆ బాటను చూసుకునే క్లబ్బు విడిగా గుర్తింపు కూడా ఇస్తుంది. ఇక్కడ ఏ రంగూ లేదు. ఆ పట్టీ చేసే పని మన కళ్లు చేయాలి.

ముందు పక్కబాట ఎటు వాలుతుందో చూసుకోండి. కొండ పాదం నుంచి పైకెక్కే బాట అయితే కష్టమంతా పొద్దున ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే అయిపోతుంది. ఓపిక అయిపోతే వెనక్కి తిరిగితే చాలు, మిగిలింది దిగుడే. ఎత్తు మీది రోడ్డు నుంచి కోనలోకి దిగే బాట దీనికి తిరగబడి ఉంటుంది. శ్రీశైలం దగ్గర పాలధార పంచధారకు దిగే మెట్లు దీనికి చిన్న నమూనా: దిగేటప్పుడు అందరూ హుషారే, తిరిగి ఎక్కేటప్పుడు మెట్టుమెట్టుకూ కూర్చునేవాళ్లు కనబడతారు. అడవిలో ఆ మెట్లుండవు, పైగా మధ్యాహ్నపు ఎండ ఉంటుంది. దిగే బాటల్లో మీ ఓపికలో మూడో వంతు మాత్రమే దిగడానికి ఖర్చుపెట్టండి.

గంటల లెక్కకు నెయిస్మిత్ అనే స్కాట్లండు ఆయన 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. కానీ అది చలిదేశపు లెక్క. మన ఎండకు, మన రాళ్లకు వచ్చినదాన్ని ఒకటిన్నరతో గుణించాలి. ఒక వైపు 4 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు ఉన్న బాట తీసుకోండి. దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 40, మొత్తం 88. ఒకటిన్నరతో గుణిస్తే 132, అంటే రెండుంపావు గంటలు. దిగడానికి సగం సమయం చాలనుకోవడం అందరూ చేసే పొరపాటు. కదిలే రాళ్ల మీద దిగుడుకు దాదాపు ఎక్కినంత సేపూ పడుతుంది. అక్కడ కూర్చునే గంట కలిపితే దాదాపు ఐదున్నర గంటల పని. పక్కబాట “రెండు కిలోమీటర్లే” అని ఎవరన్నా అంటే అది నాలుగు అని గుర్తుంచుకోండి, పోయిన దారినే రావాలి కదా.

ఇంకో సంగతి పటంలో కనబడదు. నెల్లూరు వైపు మనకు కనిపించేది వెలిగొండ తూర్పు ముఖం. పొద్దున ఎండ నేరుగా వీపు మీద కొడుతుంది, ఎక్కేదీ అప్పుడే. సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి పోతాడు. జనవరిలో ఊళ్లో ఆరింటి దాకా వెలుగు ఉన్నా, లోతైన కోనలో నాలుగున్నరకే మసక పడుతుంది. అందుకే వెనక్కి తిరిగే గంటను ఊళ్లో పొద్దుగూకే వేళను బట్టి కాక కోనలో నీడ పడే వేళను బట్టి పెట్టుకోవాలి. ఆరున్నరకు బయల్దేరితే పన్నెండుకు ఎక్కడున్నా వెనక్కి. గమ్యం పదడుగుల్లో ఉన్నా సరే అని అనను, కానీ అరగంట దూరంలో ఉంటే వదిలేయండి.

ఇక చీలికలు. పక్కబాటల మీద దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది పోయేటప్పుడు తప్పరు, వచ్చేటప్పుడు తప్పుతారు. దానికి కారణం ఉంది. మీరు నడిచే బాటలోకి వెనకవైపు నుంచి ఏటవాలుగా ఇంకో బాట వచ్చి కలిస్తే అది మీ వీపు వెనక ఉంటుంది, కనబడదు. తిరుగు ప్రయాణంలో అదే చోట ఎదురుగా రెండు దారులు చీలి కనబడతాయి, రెండూ సమానంగా తొక్కిడి పడి ఉంటాయి. “ఇక్కడ చీలిక లేదే” అని మనిషి గాభరా పడేది అక్కడే. మందు ఒక్కటే: పోయేటప్పుడు పది నిమిషాలకోసారి ఆగి పూర్తిగా వెనక్కి తిరిగి చూడటం. ఏదైనా బాట వచ్చి కలిస్తే, మీరు తిరిగి వచ్చే దిశలో నిలబడి ఫొటో తీయండి. పోయే దిశలో తీసిన ఫొటో తిరుగులో పనికిరాదు.

ఎక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలో కొండ ఆకారమే చెబుతుంది. గట్టు వెంట పైకెక్కుతుంటే అన్ని గట్లూ శిఖరం వైపు కలుస్తాయి, తప్పడం కష్టం. అదే గట్టు దిగుతుంటే కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. ఒక్క చీలిక తప్పితే పక్క కోనలో తేలతారు, మధ్యలో వంద మీటర్ల చరియ. వాగు వెంట దీనికి పూర్తిగా ఎదురు. పైకి పోతుంటే వాగు పాయలుగా చీలుతుంది, ప్రతి పాయ దగ్గరా ఏది మనదో తేల్చుకోవాలి. దిగుతుంటే పాయలన్నీ కలిసి ఒక్కటవుతాయి. కాబట్టి ఉదయగిరి లాంటి దుర్గం మీద ధ్యాసంతా దిగుడు మీద పెట్టాలి, పెంచలకోన లాంటి కోనలో ఎక్కుడు మీద పెట్టాలి. అయితే దారి తప్పినప్పుడు వాగు పట్టుకుని దిగితే ఊరొస్తుందన్న మాటను ఇక్కడ నమ్మకండి. ఈ కోనల్లో వాగు మధ్యలో బండ మీద నుంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. భైరవకోన గుహల పక్కన జారే జలపాతాన్ని కింద నుంచి చూసినవాళ్లు, పై నుంచి వచ్చేవాడికి ఆ అంచు చివరి దాకా కనబడదని ఊహించుకోవచ్చు.

గొడ్లబాటకూ మనుషుల బాటకూ తేడా చూసుకోవాలి. గొడ్లబాట కొండ నడుము వెంట సమానంగా పోతుంది, ఐదారు పాయలుగా విడి మళ్లీ కలుస్తుంది, చివరికి నీటిగుంట దగ్గరో మేత దగ్గరో మాయమవుతుంది. నేల వైపు చూస్తే రెండూ ఒకటే. ఛాతీ ఎత్తులో చూడండి. మనుషులు నడిచే దారిలో ఆ ఎత్తున కొమ్మలు కొడవలి తగిలి తెగి ఉంటాయి. గొడ్లబాటలో కాళ్ల దగ్గర ఖాళీగా, ముఖానికి మాత్రం ముళ్లకంప తగులుతూ ఉంటుంది. వంగి వంగి నడవాల్సి వస్తోందంటే అది మీ బాట కాదు.

రాళ్ల గుర్తుల విషయంలో మన దగ్గర ఒక చిక్కుంది. వేరే దేశాల్లో బాట పక్కన రాయి మీద రాయి పేర్చితే అది దారి గుర్తు. ఇక్కడ క్షేత్రాల చుట్టూ ఇల్లు కట్టుకోవాలని మొక్కుకుని రాళ్లు పేరుస్తారు. వాటిని పట్టుకుని పోతే మంచి బండ ఉన్న చోటల్లా తిరుగుతారు, దారి మాత్రం దొరకదు. కొమ్మలకు కట్టిన గుడ్డముక్కలూ అంతే, అవి ముడుపులు. చెట్టు మీద రంగు పూయడం అటవీశాఖ ఒప్పుకోదు, చేయనూ కూడదు. చీలిక దగ్గర గుప్పెడు ముగ్గుపిండితో గీత గీస్తే చాలు. రాతి ముగ్గే తీసుకోండి, బియ్యప్పిండి అయితే చీమలు లాక్కుపోతాయి. తిరిగి వస్తూ కాలితో చెరిపేయండి. వాన మబ్బు ఉంటే ముగ్గును నమ్ముకోకుండా రంగు గుడ్డ పేలిక కట్టి, వచ్చేటప్పుడు విప్పుకుని రండి.

గుంపు విడిపోయేదీ చీలిక దగ్గరే. ముందున్న కుర్రాడు ఎడమకు తిరుగుతాడు, వెనక మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు కుడికి పోతారు. ప్రతి చీలికలో చివరి మనిషి వచ్చేదాకా అందరూ ఆగాలి. నలుగురికి తక్కువగా పోకండి: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు కిందికి వెళ్లి మనుషుల్ని తేవాలి.

ఫోన్‌లో సిగ్నల్ పోయినా జి.పి.ఎస్. పనిచేస్తుంది, పటం ముందే దించుకుని ఉంటే. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ రెండూ ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. ఇంటి దగ్గరే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పటం తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. అడవిలోనూ అదే మోడ్‌లో ఉంచితే సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ తగలెయ్యదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో ఎత్తు గీతలు 20 మీటర్లకొకటి ఉంటాయి. గీతలు దగ్గర దగ్గరగా ఉన్న చోట పటంలో బాట చూపించినా అది బాట కాకపోవచ్చు. ఇరుకు కోనల్లో ఆకాశం కొంచెమే కనబడుతుంది, ఉపగ్రహ సంకేతం కోన గోడలకు తగిలి వస్తుంది, పటంలో మీరున్న చోటు చూపే చుక్క అటూ ఇటూ పదుల మీటర్లు గెంతుతుంది. అక్కడ చుక్కను కాదు, నడిచొచ్చిన గీతను నమ్మండి. చీలిక చీలికకూ ఒక గుర్తు పెట్టుకుంటే ఇంకా మేలు.

కాళ్ల కింద రాయిది వేరే కథ. ఈ కొండల్లో ఒకచోట గట్టి క్వార్ట్‌జైట్ బండ, ఇంకోచోట పలకలు పలకలుగా విడే రాయి. మార్కాపురం పలకలు వచ్చింది ఈ రెండో జాతి నుంచే. పలకరాయి వాలులో పొడిగా ఉన్నా కాలు కింద పొర జారుతుంది, మడమ ముందు పెట్టకుండా పాదమంతా ఆనించి, అడ్డంగా దిగాలి. క్వార్ట్‌జైట్ పొడిగా ఉంటే గట్టి పట్టు ఇస్తుంది, పగిలిన అంచు మాత్రం పల్చని అడుగున్న బూటును కోసేస్తుంది. వాగులో నీళ్లు నున్నగా చేసిన క్వార్ట్‌జైట్ మీద పాచి పడితే ఏ బూటూ ఆగదు. కోనల్లో జారిపడేది ఎక్కువగా గుండం అంచున, ఫొటో కోసం అడుగు వెనక్కి వేసినప్పుడు. ఆ అంచుల్లో కూర్చుని జరగండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

కోనల్లో నీళ్లున్న కాలమే ప్రమాదమున్న కాలం. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. కొండ పైన కడప వైపు వాన పడుతుంటే కింద మనకు ఎండ కాస్తుంటుంది. వాగు నీళ్లు మెల్లగా రంగు మారడం, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకురావడం, పై నుంచి ఆగని హోరు వినబడటం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా సామాను వదిలి పక్క ఒడ్డు ఎక్కండి. వాగు వెంట కిందికి పరిగెత్తకండి, నీళ్లు మీకంటే వేగం. మోకాలు దాటిన ప్రవాహాన్ని దాటకండి. కోనవాగుల్లో వరద వచ్చినంత తొందరగానే తగ్గుతుంది, రెండు మూడు గంటలు కూర్చుంటే చాలాసార్లు దారి అదే దొరుకుతుంది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నడకకు మంచి కాలం. మార్చి నుంచి గడ్డి ఎండి అడవి అంటుకుంటుంది, గుండాలు ఎండిపోతాయి.

మనిషికి 4 లీటర్లు, ఫిబ్రవరి దాటితే 5. అంటే అంత కిలోల బరువు, కాబట్టి మిగతా సామాను తగ్గించండి. తెచ్చిన నీళ్లు సగమయ్యాయంటే గమ్యంతో పనిలేకుండా వెనక్కి. వాగులో ఇసుక తోడి చెలమ చేస్తే మొదట ఊరిన నీళ్లు పారబోసి, తేరాక గుడ్డలో వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి తాగాలి. మట్టినీళ్లలో బిళ్ల పని చేయదు, వడగట్టడం అందుకే. ఎండలో చెమట పోతుంటే ఉత్త నీళ్లు చాలవు. ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. మరిగిస్తే అది పోదు, కానీ ఒకరోజు తాగినంత మాత్రాన ఏమీ కాదు. పులిహోర నిలుస్తుంది, పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. వేరుశనగ ఉండలు, అటుకులు అన్నిటికంటే నయం. ఊరగాయ దాహం పెంచుతుంది.

ఇక చట్టం సంగతి. పెంచలకోన చుట్టూ అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, దోర్నాల వైపు అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి పోవాలంటే అనుమతి కావాలి, రహదారి మీద దాటిపోయేవాళ్లకు మినహాయింపు. రోడ్డు దిగిన అడుగుతోనే ఆ మినహాయింపు పోతుంది. రేంజి ఆఫీసులో పేర్లు, ఆధార్ నకళ్లు, బండి నంబరు, తేదీ, వెళ్లే దారి రాసిచ్చి అడగండి. పులుల అడవి లోపలి భాగంలో సరదా నడకకు ఒప్పుకోరు, అక్కడ ఇష్టకామేశ్వరి లాంటి చోట్లకు కూడా అటవీశాఖ జీపుల్లోనే పోవాలి. రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం ఉంది. అనుమతి కాగితం లేకుండా బాట పక్కన దొరికితే మీరు యాత్రికులని నిరూపించుకోవాల్సింది మీరే. కింద పడిన చెక్కముక్క కూడా ముట్టుకోకండి.

ఉదయగిరి దుర్గం గురించి విడిగా ఒక మాట. 3,079 అడుగుల కొండ, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన కోట. దారి మొదట్లో స్పష్టంగానే ఉంటుంది, పైన ప్రాకారాల మధ్యకు వెళ్లాకే చిక్కు. ప్రతి గోడ పగులులో నుంచి మేకలు ఒక బాట చేసి ఉంటాయి. గుప్తనిధుల కోసం తవ్వి వదిలేసిన గుంతలు వానల తర్వాత నిలువెత్తు బోదగడ్డిలో కనబడవు, కోనేళ్లకు పిట్టగోడలుండవు. అక్కడ కర్రతో ముందు నేల తడిమి అడుగెయ్యాలి.

ఆ కర్ర పాములకూ పనికొస్తుంది. బండ దాటేటప్పుడు బండ మీద కాలు పెట్టి అవతల చూసి దిగండి, నేరుగా అవతలికి అంగ వేయకండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదలకుండా మోసుకుని 108కు చేరాలి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే యాంటీవీనమ్. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. అడవివాళ్లు గుడ్డెలుగు అనే ఎలుగుబంటి ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్ల కింద ఉంటుంది. దగ్గరకొచ్చేదాకా మనిషిని గమనించదు, ఉలిక్కిపడితే మీదికొస్తుంది, కాబట్టి గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. కానీ కోన గోడలకు కొండతేనె పట్లు కనబడగానే మాటలు ఆపాలి. సెంటు, బీడీ పొగ రెండూ వాటికి పడవు. లేస్తే తల, ముఖం కప్పుకుని పరుగెత్తడమే, గుండంలో దూకితే పైన కాచుకుని ఉంటాయి. చలికాలంలో ఎండిన దూలగొండి కాయల నూగు తగిలితే గోకకండి, వెడల్పు టేపు అంటించి లాగితే నూగు దానితో వచ్చేస్తుంది, తర్వాత కడగండి.

ఇంటికొచ్చాక బట్టలు వేడినీళ్లలో వేసి, చంకలు, గజ్జలు, చెవుల వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, నూనె పోయడం, నిప్పు పెట్టడం కాదు. పది పన్నెండు రోజుల తర్వాత జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నొప్పి లేని నల్లటి పొక్కు కనబడితే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, పిడుదు వల్ల కాదు, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పురుగు కుడితే వచ్చే జ్వరం. డాక్టరుతో గడ్డిలో, పొదల్లో తిరిగామని ముందే చెప్పండి. ఆ మాట చెబితే పరీక్ష వెంటనే చేస్తారు, తొందరగా మొదలుపెడితే డాక్సీసైక్లిన్ అనే మందుతో తగ్గిపోతుంది.